నాలుగు నిమిషాల కొలత

మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలకి డిటెక్టివ్ నేలమాళిగ మెట్లు దిగింది. మొత్తం పదకొండు మెట్లు. ఏడో మెట్టు అంచు విరిగి ఉంటుంది. ఒకప్పుడు మూడేళ్ళపాటు రోజూ దిగిన మెట్లు కాబట్టి ఆమె చూసుకోలేదు, కాలే దాన్ని తప్పించుకుని పక్కకి పడింది. ఆమె ఈ ల్యాబు వదిలి ఇరవై ఏడేళ్ళయింది. ఆ అంచుని ఇప్పటికీ ఎవరూ అతకలేదు.

కింద ఇన్‌స్పెక్టర్ ఫైలుతో నిలబడి ఉన్నాడు.

"మేడం, ఐదింటికి ముసలాయన్ని కోర్టుకి తీసుకెళ్తాను. అప్పటిదాకా మీ ఇష్టం. మాస్టారి భార్య అడిగారు కాబట్టి ఈ మాత్రం. లేకపోతే ప్రైవేటు డిటెక్టివ్‌లకి నా కేసులో గుమ్మం దాటే పని లేదు."

"మూడు గంటలు చాలు."

"నాకు ఒక్క గంటే పట్టింది."

"తెలుస్తూనే ఉంది లెండి. ఒకసారి చదవండి."

ఇన్‌స్పెక్టర్ ఆమెని ఒక చూపు చూసి ఫైలు తెరిచాడు.

మొన్న ఉదయం పది గంటలకి మాస్టారు, ఒకప్పుడు ఆమెకి ఇక్కడ పాఠం చెప్పిన మనిషి, ల్యాబుకి వచ్చారు. వయసు డెబ్బై ఆరు. గుండె జబ్బు వల్ల నాలుగేళ్ళుగా ఇటు రాలేదు, ఈ ఏడాదే వచ్చారు. పదీ పదికి అయస్కాంతంలో గాజు గొట్టం పెట్టినట్టు పుస్తకంలో ఆయన చేతిరాత ఉంది. పదీ ముప్ఫై ఎనిమిదికి కంప్యూటర్లో ఆయన పేరుతో కొలత మొదలైంది. పదీ నలభై రెండుకి ముగిసింది. పదీ యాభైకి ల్యాబులో గాజు పని చేసే ముసలాయన, అయస్కాంతాన్ని చల్లబరిచే ద్రవ నైట్రోజన్ నింపడానికి వాల్వు తిప్పాడు. పదకొండూ ఇరవైకి పైపు విప్పడానికి లోపలికి వెళ్ళి, నేలమీద మాస్టారిని చూశాడు. ఒంటిమీద దెబ్బ లేదు. పదింబావుకీ పదకొండుంబావుకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు.

"కొలత అయ్యాక గొట్టం తీసుకోవడానికి పెద్దాయన లోపలికి వెళ్ళారు. లోపల మనిషున్నాడో లేడో చూడకుండా ఈయన వాల్వు తిప్పాడు. ఫ్యాన్ వేశానంటాడు. వేస్తే ఆయన ఎందుకు పోతారు? నైట్రోజన్‌కి వాసన లేదు, దగ్గు రాదు. గదిలో గాలిని తోసేస్తుంది. నాలుగు ఊపిర్లు పీలిస్తే మనిషి కూలిపోతాడు." ఫైలు మూశాడు. "ఇందులో మీరు కనిపెట్టేది ఏముంది?"

"కొలత ఎంతసేపు జరిగిందన్నారు?"

"నాలుగు నిమిషాలు."

డిటెక్టివ్ తన నోటుబుక్కులో నాలుగు అంకె వేసి, దాని కింద రెండు గీతలు గీసింది.

నడవాకి ఎడమవైపు అయస్కాంతం గది, కుడివైపు కంప్యూటర్ గది. నైట్రోజన్ ట్యాంకు నడవాలోనే ఉంది. దాని పైపు గోడలోంచి అయస్కాంతానికి వెళ్తుంది. వాల్వు, ఫ్యాను స్విచ్చు రెండూ బయటే, పక్కపక్కనే. గది తలుపుకి అద్దం లేదు. తలుపు పక్కన గోడకి ఖాళీ మేకు, దాని కింద ఒక చీటీ. గదిలో ఆక్సిజన్ తగ్గితే మోగే అలారం రిపేరుకి పంపాం అని ఉంది. తొమ్మిది రోజుల కిందటి తేదీ. సంతకం డిపార్ట్‌మెంటు హెడ్డుగారిది.

డిటెక్టివ్ వాచీ, తాళాలు, ఫోను తీసి నడవాలో బల్ల మీద పెట్టింది.

"మీరూ తీసేయండి."

"ఏం తీయాలి?" అంటూ ఇన్‌స్పెక్టర్ గదిలో అడుగు పెట్టాడు. నడుముకి వేలాడుతున్న బేడీలు గాల్లోకి లేచి అయస్కాంతం వైపు తిరిగాయి. ఆయన రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వచ్చేశాడు.

"మీ బేడీలకి కూడా తొందరే," అంది డిటెక్టివ్.

ఆయన వాటిని బయట పెట్టి వచ్చేదాకా ఆమె స్టూలు చూస్తూ నిలబడింది. చెక్క స్టూలు. ఒక్క మేకు లేకుండా చెక్క చీలలతో బిగించింది. అయస్కాంతం పక్కన ఇనుము పనికిరాదని మాస్టారు దగ్గరుండి చేయించారు. అంచుల్లో వార్నిషు పోయింది. అది ఆమె ఇక్కడ ఉన్నప్పుడే పోయింది.

"ఇక్కడ స్టూలెందుకు? కంప్యూటర్ పక్క గదిలో కదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"గొట్టం పెట్టాక దాని వేడి సర్దుకోవడానికి ఇరవై నిమిషాలు ఆగాలి. అందరం టీకి పోయేవాళ్ళం. మాస్టారు మాత్రం ఈ స్టూలు మీదే కూర్చునేవారు. గొట్టానికి తోడుంటానర్రా, మీరు వెళ్ళిరండి అనేవారు."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. ఈ మెట్లు దిగినవాళ్ళందరికీ తెలుసు."

ఇన్‌స్పెక్టర్ స్టూలు వైపు చూశాడు కానీ ఏమీ రాసుకోలేదు.

గాజు పనాయన నడవా చివర బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, పక్కన కానిస్టేబులు. ల్యాబులో అందరికీ ఆయన గాజు బాబాయ్. వేళ్ళ నిండా పాత కాలిన మచ్చలు. డిటెక్టివ్‌ని చూడగానే లేవబోయాడు.

"వచ్చావా తొందరా! అమ్మగారు నిన్ను పిలిపిస్తానంటే, దానికి తీరికెక్కడిదమ్మా అన్నాను."

"కూర్చో బాబాయ్. మొన్న పదీ యాభైకి వచ్చావు. ముందు ఏం చేశావ్?"

"తలుపు రెండుసార్లు కొట్టాను. ఎవరండీ లోపల అని కేకేశాను. పలకలేదు. ఫ్యాను వేశాను."

"వేశావా? ఆ ఫ్యాను పొద్దున్నించీ ఆడుతూనే ఉంటుంది కదా?"

"ఆడుతుంది. మొన్న ఆగి ఉంది. సరే ఎవరో ఆపారనుకుని వేశాను. తర్వాత వాల్వు పట్టుకుంటే చేతికి అంటుకుంది. నేను తిప్పకముందే పైపు మీద మంచు పట్టి ఉంది అమ్మాయ్. ట్యాంకు కూడా సగంలోనే అయిపోయింది. సరఫరావాడు తక్కువ నింపి పంపాడని తిట్టుకున్నాను."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "ఇది మీ ఫైల్లో లేదు."

"నాకు చెప్పలేదు."

"ఎవరడిగారు బాబూ?" అన్నాడు గాజు బాబాయ్. "వాల్వు తిప్పావా అన్నారు. తిప్పానన్నాను. వేలిముద్ర వెయ్యమన్నారు. నాకు సంతకం వచ్చు అన్నాను."

కానిస్టేబులు నవ్వు ఆపుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఆపుకోవాల్సిన పని పడలేదు. "మంచు కరిగిపోయింది మేడం. ఇప్పుడది ఆయన నోటి మాట. కోర్టులో ముద్దాయి మాటకి ఎంత బరువుంటుందో మీకు తెలుసు. ఇంతకీ మిమ్మల్ని తొందర అంటున్నాడేంటి?"

"మాస్టారు పెట్టిన పేరు. అది అర్థమైతే మీకు కేసూ అర్థమవుతుంది."

కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టి ఆయనకి చెప్పింది. మాస్టారు ఎలా చెప్పేవారో అలాగే చెప్పింది. వేరేలా చెప్పడం ఆమెకి రాదు.

గొట్టంలో ఉన్నది బెంజీన్. అందులో హైడ్రోజన్ కేంద్రకాలు బొంగరాల్లాంటివి. అయస్కాంతంలో పెడితే ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా వరసలో నిలబడతాయి. రేడియో తరంగంతో ఒక్క తట్టు తడితే అన్నీ తలకిందులవుతాయి. తర్వాత మెల్లగా తేరుకుని మళ్ళీ నిలబడతాయి. ఎంతసేపట్లో తేరుకుంటాయన్నదే కొలత. ఒక్కో రీడింగు తట్టాక మరికాస్త ఆలస్యంగా తీస్తారు. మాస్టారి గొట్టానికి అది పందొమ్మిది సెకన్ల చిల్లర. ఒక రీడింగు తీశాక, రెండోది తీసేముందు అందరూ పూర్తిగా నిలబడ్డారో లేదో చూసుకోవాలి. అందుకని తేరుకునే కాలానికి ఐదింతలు ఆగాలి. పందొమ్మిదికి ఐదింతలంటే దగ్గర దగ్గర వంద సెకన్లు. అలాంటివి పది రీడింగులు.

"నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. వంద సెకన్లు ఎవరాగుతారని పదిహేనే ఆగేదాన్ని. నెలరోజులు తప్పుడు లెక్కలు కట్టాను. మాస్టారు కాగితం చూసి తిట్టలేదు. ఏమ్మా తొందరా, అన్నారు. అంతే, పేరు ఖాయం. వంద సెకన్లూ కదలకుండా కూర్చున్నవాళ్ళకి స్టూలు కింద దాచిన అగ్గిపెట్టెలోంచి పిప్పరమెంటు ఇచ్చేవారు. మూడేళ్ళలో నాకు నాలుగొచ్చాయి."

"వంద సెకన్ల చొప్పున పది రీడింగులు." ఇన్‌స్పెక్టర్ వేళ్ళు ముడిచాడు. "పదిహేడు నిమిషాలు."

"మధ్యలో పోయేది కలుపుకుంటే దాదాపు ఇరవై. మొన్న నాలుగు నిమిషాల్లో అయింది. అంటే ఆ కొలత పెట్టినవాళ్ళు రీడింగుకీ రీడింగుకీ మధ్య ఆగింది పదిహేను సెకన్లు. మాస్టారు పదిహేను సెకన్లతో సరిపెట్టరు."

"మర్చిపోయి ఉంటారు," అన్నారు గుమ్మంలోంచి.

హెడ్డుగారు. యాభై దగ్గర వయసు, ఇస్త్రీ చెడని చొక్కా. డిటెక్టివ్ వదిలేసి వెళ్ళిన కుర్చీలో ఆ ఏడాదే చేరిన విద్యార్థి. ఇప్పుడు డిపార్ట్‌మెంటు మొత్తం ఆయన చేతిలో ఉంది. వచ్చే నెల డైరెక్టరు పదవికి వినిపిస్తున్న పేరు కూడా ఆయనదే.

"మిమ్మల్ని చూడటం ఇదే మొదటిసారి అక్కా. కానీ మీ కథ చెప్పకుండా మాస్టారు మాకు పాఠం మొదలుపెట్టేవారు కాదు. పాపం, పెద్దవారైపోయారు. తక్కువ టైము పెట్టి ఉంటారు. మీరూ పెట్టేవారు కదా?"

"నేను ఇరవై రెండేళ్ళప్పుడు పెట్టాను."

"వయసు రెండు చివర్లా ఒకేలా ఉంటుంది."

"కొలత ఫలితం ఏది? కంప్యూటర్లో టైములు తప్ప ఏమీ లేవు."

"దాచడం మర్చిపోయి ఉంటారు."

"పదీ ముప్ఫై ఎనిమిదికి మీరెక్కడున్నారు?"

"నా గదిలో, ఒక్కణ్ణే. కాగితాలు సర్దుకుంటున్నాను. పదీ నలభై ఐదుకి మూడో అంతస్తులో మీటింగు. హాజరు పట్టీలో సంతకం ఉంది. ఇన్‌స్పెక్టర్ గారు చూశారు."

"చూశాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ బల్ల మీది పుస్తకం దగ్గరికి లాక్కుంది. గుడ్డ అట్ట, ముప్ఫై ఒక్క ఏళ్ళ నాటిది. యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడటానికి, గొట్టాన్ని అతికిన తేదీన ఏటా ఒక్క వరస. తేదీ, గది వేడి, గొట్టం పెట్టిన టైము, చివరి గడిలో కొలత. మొదటి ఇరవై ఏడు వరసల్లో ఎక్కువ భాగం మాస్టారి రాత. పందొమ్మిది పాయింట్ రెండు, నాలుగు, ఒకటి, మూడు, మళ్ళీ రెండు. వేడి మారితే అంకె కాస్త కదిలేది. మూడు వరసలు ఆమె రాతలో ఉన్నాయి. అవి రాసిన రోజుల్లో మాస్టారు భుజం వెనక నిలబడ్డారు. రాయకుండా కుర్చీలోంచి లేస్తే ఊరుకునేవారు కాదు. అంకె బుర్రలో పెట్టుకుని తిరగకు, దారిలో అది మారిపోతుంది అనేవారు. ఆయనా రాయకుండా ఏనాడూ లేచింది లేదు.

ఆ మాట ఇన్‌స్పెక్టర్‌కి చెప్పింది. ఆయన తలూపాడు.

తర్వాతి నాలుగు వరసలు హెడ్డుగారి రాత. ఒక ఏడు గది వేడి ఇరవై నాలుగు, ఒక ఏడు ఇరవై ఏడు. కొలత నాలుగేళ్ళూ పందొమ్మిది పాయింట్ మూడే.

చివరి వరస మొన్నటిది. తేదీ, వేడి, పదీ పది. కొలత గడి ఖాళీ.

"గొట్టం ఇంకా అయస్కాంతంలోనే ఉందా?"

"ఉంది. మొన్న గదికి సీలు వేయించాను. ఇవాళ మీకోసమే తీయించాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అయితే ఇప్పుడు కొలుద్దాం."

"యంత్రం ముట్టుకోవడానికి మీకు అనుమతి లేదు," అన్నారు హెడ్డుగారు. ఈసారి అక్కా అనలేదు.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వంక చూసింది. ఆయన గోడ గడియారం వంక చూశాడు. రెండూ యాభై.

"ఐదు దాకా ఆవిడకి మాటిచ్చాను. గొట్టం కొలుచుకుంటారో నన్ను కొలుస్తారో ఆవిడిష్టం. మీరు కూర్చోండి సార్."

గాజు బాబాయ్‌ని కూడా లోపలికి పిలిపించారు. డిటెక్టివ్ కుర్చీలో కూర్చుంది. యంత్రం మారింది, కంప్యూటర్ మారింది, అడిగే ప్రశ్నలు మారలేదు. ఎన్ని రీడింగులు? పది. మధ్యలో ఎంతసేపు ఆగాలి? ఒకటి, సున్నా, సున్నా కొట్టింది. రెండూ యాభై రెండుకి మీట నొక్కింది.

మొదటి రీడింగు. తెర మీద గీత నిటారుగా కిందికి దిగింది.

"అందరూ తలకిందులు," అన్నాడు గాజు బాబాయ్ మెల్లగా. మాస్టారు కొలిచిన ప్రతి ఏడూ తెర ముందు నిలబడ్డ మనిషి. "ఈ గొట్టం అతికిన రోజు నాకింకా జ్ఞాపకం అమ్మాయ్. బెంజీన్ని గడ్డకట్టించి, పంపుతో గాలి లాగేసి, మళ్ళీ కరిగించి. అలా మూడుసార్లు. ఆక్సిజన్ పిసరంత కూడా ఉండకూడదన్నారు మాస్టారు. ఎందుకండీ అంటే, అది ఇంట్లో చాడీలు చెప్పే మనిషి లాంటిదోయ్, ఎవర్నీ ఉన్నచోట ఉండనివ్వదు, అందర్నీ పొడిచి లేపేస్తుంది అన్నారు. పందొమ్మిది సెకన్ల పని మూడు సెకన్లలో అయిపోతుందట."

వంద సెకన్లు. గదిలో యంత్రం చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు కాళ్ళు మార్చాడు. డిటెక్టివ్ మడమ నేలకి కొట్టుకోబోయి ఆగింది. భుజం వెనక ఎవరూ లేరని తెలిసీ సర్దుకుని కూర్చుంది.

రెండో రీడింగు. గీత ఇంకా కిందికే. కాస్త పొట్టిగా.

మళ్ళీ వంద సెకన్లు.

మూడో రీడింగు. గీత దాదాపు కనబడలేదు. డిటెక్టివ్ తెర దగ్గరికి వంగింది.

మళ్ళీ వంద సెకన్లు.

నాలుగో రీడింగు. తట్టాక ఐదు సెకన్లాగి తీసేది. గీత పైకి లేచి నిలబడింది.

"అదేంటి!" గాజు బాబాయ్ గట్టిగా అరిచాడు. "ఇంకా తలకిందులుగానే ఉండాలి కదా! ఐదు సెకన్లకే లేవడమేంటి? ఇది నా గొట్టం కాదు. నేనతికిన గొట్టం ఇలా లేవదు!"

డిటెక్టివ్ అప్పటికే లేచి నిలబడి ఉంది. మిగతా ఆరు రీడింగులూ నిలబడే చూసింది. మూడూ పదకొండుకి కంప్యూటర్ అంకె చూపించింది. రెండు పాయింట్ ఎనిమిది సెకన్లు.

ఆమె అయస్కాంతం గదిలోకి వెళ్ళి గొట్టం తీసుకొచ్చి బాబాయ్ చేతిలో పెట్టింది. ఆయన కొస వంక ఒక్కసారి చూశాడు.

"నేను మంట లోంచి తీసేటప్పుడు కొసకి చిన్న వంపు వస్తుంది, పిల్లి తోకలాగ. ఇది నిటారుగా ఉంది. ఎవరో గాలి తీయకుండానే మూసేశారు."

"ఇన్‌స్పెక్టర్ గారూ, మొన్న పదిహేను సెకన్లాగింది మతిమరుపు వల్ల కాదు," అంది డిటెక్టివ్. "ఈ గొట్టానికి తేరుకునే కాలం మూడు సెకన్లలోపు. దానికి ఐదింతలు పదిహేను. అంత కచ్చితంగా పెట్టారంటే కొలవకముందే జవాబు తెలిసిన మనిషి. పందొమ్మిది వస్తుందనుకునేవాళ్ళు వంద పెడతారు. మాస్టారు స్టూలు మీద కూర్చున్న ఇరవై నిమిషాల్లోనే ఎవరో ఫ్యాను ఆపి వాల్వు తిప్పారు. తర్వాత వాల్వు కట్టేసి, ఇక్కడికొచ్చి, ఆయన పేరుతో కొలత పెట్టారు. పదీ నలభై రెండు దాకా ఆయన బతికే ఉన్నారని మీరు రాసుకోవాలి. పదీ నలభై ఐదుకి ఆ మనిషి ఇంకో చోట సంతకం పెట్టాలి. వంద పెట్టి ఇరవై నిమిషాలు యంత్రాన్ని వదిలేసి పోతే రెండు పాయింట్ ఎనిమిది తెర మీద పడి ఉంటుంది. అందుకని దగ్గరుండి నాలుగు నిమిషాల్లో ముగించి చెరిపేశారు."

"గొట్టం పాతది. పగులిచ్చి ఉంటుంది," అన్నారు హెడ్డుగారు. "ఎవరు మార్చారో నాకేం తెలుసు?"

ఇన్‌స్పెక్టర్ గొంతు సర్దుకున్నాడు.

"సార్, మీ బొంగరాల సంగతి నాకు తెలీదు. మొహాల సంగతి తెలుసు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాణ్ణి పట్టుకోవడం తేలిక. తడుముకోనివాడితోనే కష్టం. ఇందాక ఆ గీత పైకి లేచినప్పుడు ముసలాయన అరిచాడు. మేడం లేచి నిలబడ్డారు. అంటే అక్కడ జరగకూడనిదేదో జరిగింది. ఈ డిపార్ట్‌మెంటుకి పెద్దవారు మీరు. మీరు వాచీ చూసుకున్నారు."

హెడ్డుగారు పుస్తకం వైపు చూశారు. తన రాతలో ఉన్న నాలుగు వరసల వైపు.

"నాలుగేళ్ళ కిందట చేతిలోంచి జారింది," అన్నారు చివరికి. "అంతే. ఒక గాజు గొట్టం. మాస్టారు ఆసుపత్రిలో ఉన్నారు. బాగయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత పుస్తకంలోని ఆ అంకెనే చూపించి, మా యంత్రం సరిగ్గా ఉందని బయటి ల్యాబులకి ధ్రువపత్రాలిచ్చాం. ఒకసారి ఇచ్చాక..." ఆగారు. "గొట్టం సంగతి ఒప్పుకుంటున్నాను. ఇంకేదీ కాదు."

"మిగతాది పైన మాట్లాడుకుందాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానిస్టేబులు ముందు నడిచాడు. ఏడో మెట్టు దగ్గర తడబడి తిట్టుకోవడం కింద దాకా వినిపించింది.

నడవాలో ఇద్దరే మిగిలారు. గాజు బాబాయ్ బెంచీ మీద కూలబడ్డాడు. ఏడుస్తున్నాడో, ఊపిరి తీసుకుంటున్నాడో ఆమె చూడలేదు. అయస్కాంతం గదిలోకి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఆ గదిలో ఆక్సిజన్ లేక మాస్టారు పోయారు. ఆ గొట్టంలో ఆక్సిజన్ ఉండబట్టి ఒక మనిషి దొరికాడు. ఈ మాట ఆయనకి చెప్పగలిగితే మెచ్చుకునేవారు.

చెయ్యి అలవాటుగా స్టూలు అడుగుకి వెళ్ళింది. అగ్గిపెట్టె అక్కడే ఉంది.

తెరిచింది. పిప్పరమెంటు లేదు. గాజు ముక్క ఉంది. చిటికెన వేలి గోరంత, కొస పిల్లి తోకలా వంపు తిరిగి. దానికింద మడిచిన కాగితం, మాస్టారి రాత.

"తోక స్టూలు కింద దొరికింది. వాడు గొట్టం మార్చాడు. వాడే వచ్చి చెప్తాడు. ఆగుదాం."

నాలుగేళ్ళ కిందటి తేదీ. ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక్కసారి దిగి ఉంటారు. దానికింద ఇంకో సిరాతో ఇంకో వాక్యం ఉంది. తేదీ మొన్నటిది.

"ఐదో ఏడు. ఇవాళ నేనే అడుగుతాను."

ఆమె రెండుసార్లు చదివింది. తర్వాత నడవాలోకి వచ్చి బాబాయ్ పక్కన కూర్చుని కాగితం చూపించింది. ఆయన చదివి, గాజు ముక్కని వేలితో తాకాడు.

"నాది," అన్నాడు. "నాకూ చెప్పలేదు చూడు మహానుభావుడు."

"నేను మళ్ళీ తొందరపడ్డాను బాబాయ్. గొట్టం సంగతి ఒక్క మనిషికే తెలుసన్నాను. మాస్టారికీ తెలుసు. తెలిసినప్పుడు ఆ పదిహేను సెకన్లు ఆయనే పెట్టి ఉండొచ్చు. రేపు హెడ్డు తరఫు వకీలు అనేది అదే. పదీ నలభై రెండు దాకా మాస్టారు బతికే ఉన్నారంటాడు. అప్పుడు వాల్వు తిప్పిన మనిషివి మళ్ళీ నువ్వే."

గాజు బాబాయ్ కాగితం మడిచి అగ్గిపెట్టెలో పెట్టాడు. "ఇది నీకు తప్ప ఎవరికీ కనబడలేదుగా?"

"లేదు."

"మరి?"

"ఇది దాచేస్తే ఇంకో పందొమ్మిది పాయింట్ మూడు రాసినట్టే బాబాయ్."

ఆయన అగ్గిపెట్టె మూసి ఆమె చేతిలో పెట్టాడు. "పద. నేనూ వస్తాను."

పైకి వెళ్ళనవసరం లేకపోయింది. బల్ల మీద వదిలేసిన బేడీల కోసం ఇన్‌స్పెక్టరే మెట్లు దిగి వస్తున్నాడు. ఆమె అగ్గిపెట్టె ఇచ్చి చెప్పాల్సింది చెప్పింది. ఆయన నిలబడే చదివాడు. చదివాక తల గీరుకున్నాడు.

"నా కేసు మీరే కట్టి, మీరే కూల్చేస్తారా మేడం?"

"నిజం అదే."

"ఈ కాగితం ప్రకారం పెద్దాయన మొన్న వాణ్ణి అడిగి ఉంటారు. వాడికి కారణం దొరికింది. అది నాకు లాభమే. ఇక ఆ నాలుగు నిమిషాలు." ఆయన కంప్యూటర్ గదిలోకి వెళ్ళి, పుస్తకం తీసుకుని నడవాలోకి వచ్చాడు. చివరి వరస మీద వేలు పెట్టాడు. "కొలత పదీ నలభై రెండుకి అయిపోయింది. అంకె తెర మీద పడింది. కొలిచింది ఆయనే అయితే ఈ గడి ఎందుకు ఖాళీగా ఉంది? రాయకుండా కుర్చీలోంచి లేచేవారు కాదని ఇందాక మీరే కదా చెప్పారు?"

డిటెక్టివ్ ఆ గడిని చూసింది. తేదీ, వేడి, పదీ పది. ఆ తర్వాత ఏమీ లేదు. పదీ పది తర్వాత మాస్టారు ఆ కుర్చీలో కూర్చోనే లేదు.

"మీరు తలూపి ఊరుకున్నారనుకున్నాను," అంది.

"నేను ఆగుతాను మేడం. మీలాగ కాదు." ఆయన బాబాయ్ వైపు తిరిగాడు. "నువ్వు ఇంటికెళ్ళు. రేపొచ్చి ఆ మంచు సంగతి చెప్పు. ఈసారి రాసుకుంటాను. సంతకమే పెడుదువుగానీ."

గాజు బాబాయ్ గోడ పట్టుకుని నిలబడ్డాడు.

డిటెక్టివ్ జేబులోంచి పెన్ను తీసింది. పుస్తకంలో ఇరవై ఏడేళ్ళ కిందటి తన రాతకీ ఈ ఖాళీ గడికీ మధ్య దూరం రెండు పేజీలు. ఇవాళ ఆమె కొలిచింది, వంద సెకన్ల చొప్పున ఆగి. రెండు పాయింట్ ఎనిమిది.

"అందులో ఏమీ రాయకండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ గడి ఖాళీగానే ఉండాలి. నాకున్న సాక్ష్యం అదే."

ఆమె పెన్ను మూత పెట్టింది.